నేను పట్టిన రోబోలు

కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, ఎవరితోనూ తగువు పడకుండా, పైపెచ్చు మంచి చేద్దామనే ఉద్దేశంతో, పేరున్న ఒక వీణ బడిని మూతబడేదాకా తీసుకురావచ్చు. నేను తెచ్చాను. దానికి కావలసిందల్లా ఒక లాప్‌టాపూ, కాస్త తెలివీ, ఆ తెలివి మీద ఉండవలసినదానికన్నా ఎక్కువ నమ్మకమూ. ఈ సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పినా పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మీరూ నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ రోజుల్లో నాకు అన్నం సహించేది కాదని, ఫోన్ మోగితే గుండె జారిపోయేదని మాత్రం నమ్మండి.

ముందు నా భయం పేరు చెప్పాలి. దాని పేరు అన్నపూర్ణమ్మగారు. విజయనగరంలో ఆవిడ వీణ బడి తెలియనివాళ్ళు తక్కువ. ఆవిడ ఎవరినీ కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. ఎవరైనా తప్పు స్వరం పలికిస్తే తాళం వేస్తున్న ఆవిడ చెయ్యి గాలిలో ఆగిపోయేది, అంతే. ఆ చెయ్యి మళ్ళీ తొడ మీద పడేదాకా గదిలో ఎవరమూ ఊపిరి తీసుకునేవాళ్ళం కాదు. కొట్టే టీచరైతే ఒక్క దెబ్బతో పోయేది కదా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆవిడ దగ్గర నియమాలు కూడా ఎక్కువే. ఎడమచేతి గోళ్ళు పెరగకూడదు. వీణకి కాలు తగలకూడదు. స్వరం రాసుకున్న పేజీ నెత్తిన శ్రీరామ అని లేకపోతే ఆ పేజీ ఆవిడ చూడరు, పుస్తకం మూసి చేతికిచ్చేస్తారు. పాఠానికి ఆలస్యమైతే గుమ్మం దగ్గరే నిలబడి వినాలి. మా అమ్మ పెళ్ళికి ముందు ఆవిడ దగ్గరే నేర్చుకుంది. నన్నూ చిన్నప్పుడు పంపింది. గీతాలు అయిపోయి వర్ణం సగంలో ఉండగా, పదో తరగతి పరీక్షలని వంక పెట్టి నేను పారిపోయాను. ఆ తర్వాత విజయనగరం ఎప్పుడు వెళ్ళినా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయేదాన్ని.

రెండేళ్ళ కిందటి మాట. నేను శ్రీకాకుళంలో ఒక చిన్న ఆఫీసులో వెబ్ పేజీలు తయారుచేసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. అమ్మా నేనూ అక్కడే ఉంటున్నాం. అమ్మ ఒక ఆదివారం టీచరుగారిని చూసి వచ్చి, దిగులుగా కూర్చుంది. బడికి పిల్లలు తగ్గిపోతున్నారట. టీచరుగారు ఒక నిర్ణయానికి వచ్చారట. దసరాల్లో సరస్వతీ పూజనాడు పాత శిష్యులూ కొత్త శిష్యులూ అందరూ ఒక్కచోట కూర్చుని వాయించాలి. ఎవరెవరు వస్తారో చూసి, అప్పుడు బడి సంగతి తేలుస్తారట. ఆవిడ అన్న మాటలు అమ్మ ఆవిడ గొంతుతోనే చెప్పింది.

"పిల్లలు వస్తే బడి ఉంటాది. రాపోతే ఆ రోజే వీణల మీద గుడ్డలు కప్పేసి తాళం ఏసేస్తాను. నేను ఎవలికీ ఫోన్ సెయ్యను, మీరూ సెయ్యొద్దు. కబురు తెలిసి రావాల. బతిమాలితే వచ్చినోళ్ళతో నాకేటి పని."

మరి ఫోన్ చెయ్యకుండా కబురెలా తెలియాలి. శిష్యులకి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం ఎవరో అమ్మే ఇళ్ళ స్థలాలు, సాయంత్రం ఫలానా రాగంలో ఫలానా ప్రయోగం ఉందా లేదా అని ఇద్దరు పెద్దవాళ్ళ తగువు. ఆ తగువులో ఒకరు గ్రూపు వదిలి వెళ్ళారు, రెండోవారు ఆయన్ని వెతుక్కుంటూ వదిలి వెళ్ళారు. టీచరుగారు అది చూసి, కబురంటే ఉత్తరంలాగ రావాలి గానీ సంతలోలాగ కాదు అన్నారు. అప్పుడు మా అమ్మ, ఏ దేవుడు పలికించాడో, మా హారిక ఇలాంటివే చేస్తుంది టీచరుగారూ అనేసింది.

"ఎవులు, వర్ణం మద్దెలో ఎల్లిపోయిన పిల్లేనా" అన్నారట ఆవిడ. అన్నేళ్ళయినా అది గుర్తుందని విన్నప్పుడే నాకు చెమటలు పట్టాయి.

చెయ్యనని చెప్పే ధైర్యం లేక ఒప్పుకున్నాను. మెయిలింగ్ లిస్టు అని ఒకటుంటుంది. అందులో పేరూ మెయిలూ ఇచ్చి చేరినవాళ్ళందరికీ మనం ఒక ఉత్తరం రాస్తే ఒక్కసారే అందుతుంది. దానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి అద్దె సర్వర్ మీద పెట్టాను. దాని ముఖం చూస్తే భయమేసింది. బూడిద రంగు పేజీ, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, ఎక్కడ నొక్కాలో చెప్పని బొత్తాలు. దాన్నంతా తీసేసి, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో కొత్త పేజీ కట్టాను. పేరుకి ఒక గడి, మెయిలుకి ఒక గడి, కింద ఒక బొత్తాం. కళ్ళజోడు మరిచిపోయినవాళ్ళు కూడా చేరగలిగేట్టు చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ పేజీ లింకును శిష్యులందరికీ పంపే పని రవణమ్మక్క తీసుకుంది. రవణమ్మక్క టీచరుగారి మొదటి శిష్యురాలు. సాలూరులో ఉంటుంది, వాళ్ళాయనకి లారీలున్నాయి. టీచరుగారు లేని చోట ఆవిడే టీచరుగారు.

ఇక్కడి దాకా అంతా బాగానే ఉంది. ఆవిడ లింకు ఇంకా ఎవరికీ పంపకముందే రోబోలు వచ్చాయి.

ఇంటర్నెట్‌లో పేరూ మెయిలూ అడిగే గడి ఎక్కడ కనిపించినా నింపేసి పోయే రోబోలు కోకొల్లలు. అవి తమ మెయిలు ఇవ్వవు, ఎవరెవరివో ఇస్తాయి. మా సాఫ్ట్‌వేర్ పాపం మర్యాదస్తురాలు. చేరినవాళ్ళందరికీ 'నిజంగా మీరే చేరారా, అయితే ఇక్కడ నొక్కండి' అని ఒక ఉత్తరం పంపుతుంది. అలా ఏ దేశంలోనో నిద్రపోతున్న పెద్దమనుషులకి విజయనగరం వీణ బడి నుంచి తెలుగులో ఉత్తరాలు వెళ్ళాయి. వాళ్ళు ఫిర్యాదు చేశారు. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళు నాకు చాలా మర్యాదగా, చాలా చల్లగా రాశారు. ఇంకోసారి ఇలా జరిగితే మా మెయిళ్ళు మొత్తం ఆపేస్తారట. మెయిళ్ళు ఆగితే కబురు అందదు. కబురు అందకపోతే ఎవరూ రారు. ఎవరూ రాకపోతే బడికి తాళం. ఆ తాళం వేసే చెయ్యి గాలిలో ఆగి నావైపు చూస్తున్నట్టు నాకు అనిపించింది.

మొదట అందరూ వాడే బొమ్మల పరీక్ష పెట్టాను. మీరూ చూసే ఉంటారు, బస్సులున్న బొమ్మలన్నీ నొక్కండి అంటుంది. మర్నాడు పొద్దున్నే రవణమ్మక్క ఫోన్.

"ఒసే హారికా, బస్సులు నొక్కమన్నావు. ఆ కిందది బస్సు కాదే. లారీ సాసీ మీద బస్సు బాడీ కట్టేరు. సాలూర్లో ఇలాటివి రోజూ సూస్తాం, మాకు తెల్దేటి? ఇప్పుడు అది నొక్కాలా, వొద్దా?"

నొక్కమన్నాను. అబద్ధం నొక్కనంది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ బొమ్మ ముందే కూర్చుని ఉందని వాళ్ళాయన వెనకాల నుంచి చెప్పడం వినిపించింది. ఆ పరీక్ష అప్పుడే తీసేశాను.

తర్వాత నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనలు వచ్చినప్పుడు కాసేపు బయట నడిచి రావాలని ఇప్పుడు నాకు తెలుసు, అప్పుడు తెలియదు. మా వృత్తిలో తేనెకుండ అని ఒక ఎర ఉంది. పేజీలో ఇంకో గడి పెడతాం, కానీ దాన్ని మనుషుల కంటికి కనిపించకుండా దాచేస్తాం. మనిషికి కనపడదు గనక నింపడు. రోబోకి కళ్ళు లేవు, పేజీ వెనకున్న రాత చదువుతుంది గనక ఆ గడినీ నింపేస్తుంది. నింపిందంటే దొరికిపోయింది. రోబోలకి పైనుంచి మొదలుపెట్టే అలవాటు కదా అని ఆ గడిని పేజీకి అన్నిటికన్నా పైన పెట్టాను. ఎందుకైనా మంచిదని దాని పక్కన 'ఈ గడిలో ఏమీ రాయకండి' అని కూడా రాశాను.

ఇందులో ఇంకో కిటుకు ఉంది, దయచేసి గుర్తుపెట్టుకోండి. రోబో దొరికిందని రోబోకి తెలియనివ్వకూడదు. తెలిస్తే ఇంకో దారిలో వస్తుంది. అందుకని దొరికినవాళ్ళకి కూడా 'ధన్యవాదాలు, త్వరలో కబురు పంపుతాం' అనే చూపిస్తాం. లోపల మాత్రం వాళ్ళ పేరు పక్కన శాశ్వత నిషేధం అని పడిపోతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో నా పేరుతో చేరి చూశాను. గడి కనపడలేదు. నేను చేరిపోయాను. ఇక లింకు అందరికీ పంపమని రవణమ్మక్కకి చెప్పి, లేచి టీ తాగాను.

మర్నాటి నుంచి రోబోలు పడడం మొదలైంది. రోజూ సాయంత్రం లెక్క చూస్తే పట్టుబడ్డవాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది. కంపెనీ నుంచి మళ్ళీ హెచ్చరిక రాలేదు. నా గర్వానికి అంతు లేకపోయింది. ఆఫీసులో అందర్నీ పిలిచి చూపించాను. ఇంటికి వెళ్ళి ఇవాళ ఇన్ని పట్టానని అమ్మకి చెప్పేదాన్ని. అమ్మ వంకాయలు తరుగుతూ, పాపం వాటికి మన వీణ బడితో ఏం పనో అనేది.

ఒక్కటే ఇబ్బంది. మనుషులెవరూ చేరడం లేదు.

మొదట్లో పట్టించుకోలేదు. పెద్దవాళ్ళు, నిదానంగా చేరతారులే అనుకున్నాను. వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. చేరినవాళ్ళ జాబితా తెరిస్తే అందులో రెండంటే రెండు పేర్లు. ఒకటి నాది. రెండోది ఆలివర్ అని ఎవరో. ఆలివర్ గారు పై గడి ముట్టుకోలేదు, పేరూ మెయిలూ చక్కగా ఇచ్చారు, నిజంగా మీరేనా అని అడిగిన ఉత్తరంలో లింకు కూడా నొక్కారు. పద్ధతైన మనిషి. కానీ ఆయనొక్కడూ నేనొక్కదాన్నీ కలిసి సరస్వతీ పూజనాడు ఏం వాయిస్తాం? ఆ రాత్రి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

అంతలో పిలుపు వచ్చింది. ఆదివారం హారికని రమ్మన్నానని చెప్పు అని టీచరుగారు అమ్మకి ఫోన్ చేశారు. తోడు రమ్మంటే అమ్మ మోకాళ్ళ నొప్పి అంది. శనివారం దాకా లేని మోకాళ్ళ నొప్పి.

శ్రీకాకుళం నుంచి విజయనగరం బస్సులో వెళ్తున్నంతసేపూ ఏం చెప్పాలో మనసులో వల్లించుకున్నాను. ఆ గుమ్మం చూడగానే వల్లించిందంతా పోయింది. టీచరుగారు చాప మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఒక చిన్నపిల్ల సరళీ స్వరాలు వాయిస్తోంది. ఆవిడ తాళం వేస్తూనే, నావైపు చూడకుండా, ఎంతమంది చేరారని అడిగారు. ఇద్దరండి అన్నాను. చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఏ తప్పూ చెయ్యని ఆ చిన్నపిల్ల హడలిపోయి వాయించడం ఆపేసింది.

"ఎవులెవులు?"

"నేనండి. ఇంకొకరు ఆలివర్ గారని, విదేశాల్లో ఉంటారండి."

"నా దగ్గిర నేర్సుకున్నోడేనా?"

ఇక్కడ నాకు తెలియదండి అని చెప్పవలసిన చోట, ఆ చెయ్యి కిందికి దిగితే చాలనే ఆత్రంలో, అయ్యుంటారండి అనేశాను. చెయ్యి దిగింది. ఎప్పుడో చాలా ఏళ్ళ కిందట ఒక విదేశీ కుర్రాడు వచ్చి కొన్నాళ్ళు నేర్చుకున్నాడట. మఠం వేసుకుని కూర్చోలేక కాళ్ళు పట్టేసి వెళ్ళిపోయాడట. వాడే అయ్యుంటాడు అన్నారు.

"అంత దూరంలో ఉన్నోడికి నేను గుర్తున్నాను సూడు. పక్కనున్న నెల్లిమర్లోళ్ళకి లేను, సాలూరోళ్ళకి లేను. రవణమ్మ కూడా సేర్లేదేటే?"

లేదండి అన్నాను. ఆవిడ ముఖం అప్పుడు చూశాను. జీవితంలో మొదటిసారి నాకు ఆవిడంటే భయం కాక ఇంకేదో కలిగింది. ఆ ముఖం నేను మరిచిపోలేను. శుక్రవారం దాకా చూస్తానని, అప్పటికీ ఎవరూ లేకపోతే పూజ పెట్టుకోనని, బడి మాట కూడా ఇక ఎవరూ ఎత్తొద్దని అన్నారు. వస్తుంటే వెనక్కి పిలిచి, ఆ ఆలివర్‌కి ఒక ఉత్తరం రాయమన్నారు. అంత దూరం నుంచి వీణ మోసుకు రాలేడు కదా, ఇక్కడే ఇస్తాం, కాళ్ళకి ఇబ్బందైతే కుర్చీ కూడా వేస్తాం అని.

రాశాను. రాయకుండా ఉండే ధైర్యం నాకెక్కడిది. నిమిషంలో జవాబు వచ్చింది. మీ జుట్టు రాలిపోతోందా, మా నూనె వాడి చూడండి, ఈ వారం సగం ధరకే అని. ఆలివర్ గారు అసలు సిసలు రోబో. ఈమధ్య రోబోలు చదవడం నేర్చుకున్నాయి. 'ఈ గడిలో ఏమీ రాయకండి' అని నేను తెలుగులో రాసింది చదివి, అర్థం చేసుకుని, నా మాట మన్నించింది అదొక్కటే. మర్నాడు టీచరుగారు ఫోన్ చేసి, ఏం రాశాడని అడిగారు. క్షేమ సమాచారాలు అడిగారండి అన్నాను.

శుక్రవారం దగ్గరికొచ్చేసింది. ఒక సాయంత్రం అన్నం ముందు పెట్టుకుని నేను కెలుకుతుంటే, అమ్మ కూడా ఏదో అలిగినట్టు కూర్చుంది. ఏమిటని అడిగితే, అందరికీ కబురు పంపుతానన్నావు, కన్నతల్లికి కూడా పంపలేదేమని అడిగింది. నువ్వు చేరలేదు కదా అన్నాను. మొదటి రోజే చేరానంది, ధన్యవాదాలు అని కూడా వచ్చిందంది. నా ఎదురుగా మళ్ళీ చేరమన్నాను.

అమ్మ తన ఫోన్ తీసి లింకు తెరిచింది. పేజీ వచ్చింది. అన్నిటికన్నా పైన, తెల్లగా, విశాలంగా, ఎవరి కంటికీ కనపడకూడని నా గడి.

అప్పుడు నాకు తెలిసిన సంగతి మీకూ చెబుతాను, ఇంతకన్నా సిగ్గుచేటు మా వృత్తిలో లేదు. గడిని దాచమన్న ఆజ్ఞ పెద్ద తెరల కోసం రాసిన చోటే ఉంది. ఫోన్ల కోసం రాసిన చోట లేదు. నేను ఆ పేజీని ఒక్కసారి కూడా ఫోన్‌లో తెరిచి చూడలేదు. శిష్యులందరూ తెరిచింది ఫోన్లలోనే. అయినా అక్కడ ఏమీ రాయొద్దని ఉంది కదా అనుకుంటున్నాను. ఇంతలో అమ్మ ఆ గడి మీద వేలు పెట్టి, ఫోన్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుని, శ్రీరామ అంది. గడిలో శ్రీరామ అని పడింది.

"అమ్మా, అందులో ఏమీ రాయొద్దని ఉంది కదా."

"ఏటీ రాయలేదే. శ్రీరామే కదా."

"అదే రాయకూడదమ్మా."

అమ్మ నన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసింది. "శ్రీరామ రాయకూడదేటే? ఏటీ రాయొద్దంటే మనవి ఏటీ రాయొద్దని. పైన అంత సోటు మరెందుకొదిలినావు?"

లాప్‌టాప్ తెచ్చి, ఇన్నాళ్ళూ లెక్కే తప్ప లోపలికి తొంగి చూడని రోబోల జాబితా తెరిచాను. పైన కొన్ని నిజమైన రోబోలు ఉన్నాయి, గడిలో ఏదో పిచ్చి రాత రాసి ఉన్నాయి. ఆ తర్వాత మొదలైంది. శ్రీరామ. శ్రీరామ. శ్రీరామ. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఆయన, శ్రీరామ. బొబ్బిలిలో పంతులమ్మ, శ్రీరామ. ఒకాయన తెలుగు అక్షరాలు దొరక్క ఇంగ్లీషు అక్షరాల్లో. రవణమ్మక్క ఒకసారి చేరి, కబురు రాకపోయేసరికి శ్రీరామ సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ మళ్ళీ చేరి, చివరికి గడి నిండా శ్రీరామలు నింపి 'తప్పుంటే క్షమించండి టీచరుగారూ' అని కూడా రాసింది. టీచరుగారి శిష్యులు ఒక్కరూ మిగలకుండా చేరారు. టీచరుగారు నేర్పినట్టే చేరారు. నేను ఒక్కరినీ వదలకుండా పట్టుకుని శాశ్వతంగా నిషేధించాను. కబురు రాలేదేమని అడగడానికి వాళ్ళందరికీ భయం. టీచరుగారు కావాలనే పిలవలేదేమోనని ఎవరింట్లో వాళ్ళు బాధపడుతూ కూర్చున్నారు.

అదంతా ఒక ఎత్తు. జాబితా చివర ఇంకో పేరుంది. అన్నపూర్ణమ్మ, విజయనగరం. ఎవరికైనా కబురు అందుతోందో లేదో చూద్దామని ఆవిడే చేరినట్టున్నారు. పై గడిలో శ్రీరామ. పక్కన నా సాఫ్ట్‌వేర్ తీర్పు: రోబో.

గడిని తీసేశాను. శ్రీరామ రాసినవాళ్ళందరినీ విడిపించాను. క్షమించమని, ఫలానా రోజు పూజ అని, వీణ తెచ్చుకోమని ఉత్తరం రాసి పంపాను. కంగారులో అక్షరాలు తప్పులు పడుతుంటే అమ్మ పక్కన కూర్చుని దిద్దింది. జవాబులు వెంటనే రావడం మొదలైంది. కానీ అసలు పని మిగిలే ఉంది. ఎవరి ద్వారానో తెలిసేలోగా టీచరుగారికి నేనే చెప్పాలి. అమ్మని రమ్మన్నాను.

"నువ్వే ఎల్లమ్మా. నాకు బయ్యం" అంది. ఈసారి మోకాళ్ళ మాట ఎత్తలేదు.

బడి పెరట్లో తాడు మీద తెల్ల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. వీణల మీద కప్పడానికి ఉతికించినవి. వాటిని చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గుమ్మం దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. తేనెకుండ గురించి చెప్పాను, ఫోన్ గురించి చెప్పాను, ఎవరెవరు చేరారో చెప్పాను. ఆవిడ అంతా విని, చాలా నెమ్మదిగా అడిగారు.

"అయితే నేను రోబోనేటే?"

"కాదండి. అంటే, నిన్నటిదాకా అండి. ఇప్పుడు తీసేశానండి."

ఆవిడ ఆ జాబితా చదవమన్నారు. ఒక్కొక్క పేరూ చదివాను, పేరు తర్వాత శ్రీరామ అని చదివాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. మధ్యలో ఒక పేరు దగ్గర ఆగి, వాడూ రాశాడా, వాడిని ఒకప్పుడు నేనే పొమ్మన్నాను అన్నారు. ఇంకో పేరు దగ్గర కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ ఏడవడం చూస్తే నాకు భయం పోవాలి కదా. ఇంకా ఎక్కువైంది. అంతా అయ్యాక అడిగారు, మరి రాయనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని.

ఇద్దరండి అన్నాను. ఆలివర్ గారి నిజం చెప్పాను, జుట్టు నూనె సంగతితో సహా. క్షేమ సమాచారాలన్నది అబద్ధమనీ ఒప్పుకున్నాను. రెండో పేరు నాదని చెప్పాను. తాళం వేస్తున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. నేను ఎదురుచూశాను. అది దిగలేదు.

"పూజకి రా. వీణ పట్టుకొని రా" అన్నారు, అంతే.

పూజనాటికి నేను సగం చిక్కిపోయాను. ఆ రోజు బడిలో చోటు చాలక పెరట్లో చాపలు వేశారు. గుడ్డలు ఆరేసిన తాడుకి మామిడాకులు కట్టారు. సాలూరు నుంచి రవణమ్మక్క లారీలో వీణలు వేయించుకుని మరీ వచ్చింది. వచ్చినవాళ్ళంతా ఒకరినొకరు నువ్వూ రోబోవేనా అంటే నువ్వూ రోబోవేనా అని పలకరించుకుంటున్నారు. నేను అందరికన్నా వెనకాల, స్తంభం చాటున కూర్చున్నాను. పూజయ్యాక టీచరుగారు లేచి నిలబడ్డారు.

"బడి ఉంటాది" అన్నారు. "మీకెవలికీ కబురు రాలేదని నామీద కోపం పెట్టుకోకండి. ఆ పేజీలో శ్రీరామ రాసినోళ్ళని రానివ్వలేదట. మీరంతా రాసినారు, నేనూ రాసినాను. రాయనోళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకటి మర. రెండోది, అదిగో, స్తంబం ఎనకాల కూకున్నాది."

అందరూ వెనక్కి తిరిగారు. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. మా అమ్మ నవ్వు అన్నిటికన్నా బాగా వినిపించింది. నవ్వు తగ్గాక ఆవిడ నన్ను ముందుకి పిలిచి, తన ఎదురుగా కూర్చోబెట్టి, వర్ణం ఎక్కడ ఆపేశావో అక్కడి నుంచి మొదలుపెట్టమన్నారు. ఎక్కడ ఆపానో నాకు గుర్తు లేదు. ఆవిడకి గుర్తుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం శ్రీకాకుళం నుంచి విజయనగరం బస్సులో పోతున్నాను. ఆ వర్ణం ఇంకా పూర్తి కాలేదు.

అందుచేత చదువరులందరి ఎదుటా, ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకుని, నా వీణ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నేను కట్టే ఏ పేజీలోనూ ఏ మనిషినీ నువ్వు మనిషివేనా అని అడగను. ఏ పేజీనైనా ముందు మా అమ్మ ఫోన్‌లో తెరిచి చూస్తాను. జుట్టు ఎంత రాలినా ఆలివర్ గారి నూనె కొనను.

ఇంకొక్క మాట. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు కాగితం నెత్తిన, అన్నిటికన్నా ముందు, శ్రీరామ అని రాశాను. అచ్చువేసేవాళ్ళు అది అక్కర్లేదని తీసేశారేమో నాకు తెలియదు. టీచరుగారూ, నేను రాశానండి.